శవాల గుంపులో కొమరయ్య గొంతు

జనవరి చివరి ఆదివారం, మధ్యాహ్నం భోజనాల తర్వాత. దేవరయాంజాల్‌లో లచ్చవ్వ ఇల్లు.

హాజరైనవారు: లచ్చవ్వ, గొర్రెల కాపరి కొమరయ్య భార్య. ఆమె కొడుకు మల్లేశ్, జీడిమెట్లలో మందుల కంపెనీ ఉద్యోగి. కోడలు స్వప్న. పానకాలరావు గారు, ఒకప్పటి డబ్బింగ్ కళాకారుడు, వయసులో నాకన్నా పెద్ద. నేను, డబ్బింగ్ పర్యవేక్షకుడిగా పనిచేసి విశ్రాంతిలో ఉన్నవాణ్ని.

సందర్భం: శవాలు లేచి నడిచే ఒక పాత విదేశీ సినిమాను మేము చాలా ఏళ్ల కిందట తెలుగులోకి మార్చాం. ఇప్పుడు దాన్ని శుభ్రంచేసి, ఇళ్లలో టీవీలో చూసుకునేలా మళ్లీ విడుదల చేశారు. అందులో శవాలకు గొంతు ఇచ్చినవారిలో కొమరయ్య ఒకడు. నిరుడు వానలకు ముందు కొమరయ్య పోయాడు. అతని గొంతు ఇంకెక్కడా లేదు. ఇందులో మిగిలిందో, తీసేశారో ఆ రోజు తేలాలి.

తేదీ, హాజరు రాసి మొదలుపెట్టడం నా డైరీల అలవాటు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు అనుభవాలు రాయమని అడిగారు. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో వాళ్లకు అక్కర్లేదు. అందుకే ఒక్క సినిమా గురించి రాస్తున్నాను. ఈ పనిలో ఉన్న మంచీ చెడూ చాలావరకు ఇందులోనే ఉన్నాయి.

పని ఏమిటంటే

డబ్బింగ్ అంటే పరాయి భాష మాట్లాడే నోటికి మన మాట అమర్చడం. అనువాదమే కష్టమని బయటివాళ్లు అనుకుంటారు. అది సగం పని కూడా కాదు. తెరమీద మనిషి పెదవులు మూసినచోట మన మాటలో ప, బ, మలలో ఏదో ఒకటి పడాలి. నోరు తెరిచి ఉన్నచోట దీర్ఘం పడాలి. అర్థం చక్కగా ఉండి పెదవి కలవకపోతే జనం నవ్వుతారు. పెదవి కలిసి అర్థం కాస్త పక్కకు పోతే ఎవరూ పట్టించుకోరు. ఇది మంచిదని అనను, జరిగేది చెబుతున్నాను.

పర్యవేక్షకుడు రికార్డింగ్ గది అద్దానికి ఇవతల కూర్చుని వింటాడు. మొదటి రోజుల్లో నేను మాటలు మాత్రమే వినేవాణ్ని. తర్వాత తర్వాత గదిని వినడం వచ్చింది. ప్రతి గదికీ తన చప్పుడు ఉంటుంది. ఎవరూ మాట్లాడకపోయినా అది వినిపిస్తుంది. కొత్తవాళ్లు ముందు ఇది నేర్చుకోవాలి.

రెండోది, కళాకారుణ్ని అతని గొంతు నుంచి కాపాడాలి. మంచి గొంతున్నవాడు తన గొంతు తానే వింటూ మాట్లాడతాడు. దీనికి పానకాలరావు గారికి మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఈ మాట ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను కాబట్టి రాయడానికి జంకు లేదు. తెనాలి వైపు నాటక సమాజాల్లో పెరిగిన గొంతు ఆయనది. దొంగ పాత్రకు "పారిపో" అనమంటే సింహాసనం మీంచి ఆజ్ఞ ఇచ్చినట్టు అనేవారు. రెండు వాక్యాల మధ్య, చప్పట్ల కోసం ఆగినట్టు, ఆగేవారు. తెరమీద పెదవులు అప్పటికే ముందుకు వెళ్లిపోయేవి. ఆయన్ని నేలమీద కూర్చోబెట్టి చెప్పించేవాణ్ని. గొంతు కొంచెం దిగేది. మీకూ అలాంటివాళ్లు తగులుతారు. నేలమీద కూర్చోబెట్టండి.

ద్రాక్ష గోదాము

మా స్టూడియో మేడ్చల్ దగ్గర ఒక ద్రాక్షతోటలో ఉండేది. యజమాని నర్సింహారెడ్డి గారికి భూములున్నాయి, కోళ్లఫారం ఉంది, సినిమా పిచ్చి ఉంది. పండ్లు నిలవచేసే గోదాము గోడలు మందంగా ఉన్నాయని దాన్నే రికార్డింగ్ గది చేశారు. గాలి తిరిగితే కోళ్ల వాసన. నగరం నుంచి వచ్చిన కళాకారులు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవారు.

"ముక్కు మూస్కొని డైలాగ్ జెప్తే ఎట్ల సారు? జలుబు జేసిన హీరో అయితడు. మంచిగ గాలి వీల్చున్రి" అని రెడ్డిగారు నవ్వేవారు.

ఆయన గురించి నా అభిప్రాయం రాయాలి. చేతికి పిసినారి. నిర్ణయాలు చప్పున తీసుకునేవారు, వాటిలో సగం తప్పులు. కానీ పనిమనిషిని నలుగురి ముందు తిట్టడం నేను చూడలేదు. తప్పు తనదని తేలితే "సరె, నాదే గలతీ" అని చాయ్ తెప్పించేవారు. ఆ తర్వాత నేను పనిచేసిన పెద్ద సంస్థల్లో గదులు చల్లగా ఉండేవి, అలాంటి మాట మాత్రం వినలేదు.

ఆ గోదాముకు ఈ శవాల సినిమా వచ్చింది. సముద్రం పక్కన ఒక చిన్న పట్నం. చచ్చినవాళ్లు లేచి పట్నాన్ని చుట్టుముడతారు. బతికినవాళ్లు ఒక పిండిమరలో దాక్కుంటారు. కథ అంతే. ‘జాంబీ’ అనే మాట ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పుడు మాకు తెలియదు. రచయిత స్క్రిప్టులో ‘ప్రేతాలు’ అని రాస్తే, రెడ్డిగారు కొట్టేసి ‘శవాలు’ అని పెట్టించారు. ప్రేతానికి కాళ్లుండవని ఆయన వాదన.

అసలు చిక్కు మూలుగుల దగ్గర వచ్చింది. విదేశీ సినిమా వచ్చేటప్పుడు మాటలు తీసేసి, సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉన్న ట్రాక్ ఒకటి విడిగా పంపుతారు. మూలుగు మనిషి నోటినుంచి వచ్చేది కాబట్టి దాన్ని మాటల్లో లెక్కగట్టి తీసేశారు. తెరమీద వందల శవాలు నోళ్లు తెరుచుకుని వస్తున్నాయి, చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

పానకాలరావు గారితో పాటు కొందరు నగర కళాకారులను మైకు ముందు నిలబెట్టాం. ప్రతివారూ తన మూలుగు జనం గుర్తుపట్టాలని చూశారు. ఒకాయనది పద్యం చివరి రాగంలా సాగింది. ఒకావిడ చావింట్లో దగ్గరి బంధువులా శోకం పెట్టింది. పానకాలరావు గారి శవం గంభీరంగా సభకు నమస్కరించబోతున్నట్టుంది.

రెడ్డిగారు తలుపు తోసుకుని లోపలికొచ్చారు. "గీళ్లు సచ్చినోళ్లా, సన్మానానికొచ్చినోళ్లా?"

"శవానికి కూడా ఒక వ్యక్తిత్వం ఉండాలి కదండీ" అన్నారు పానకాలరావు గారు.

"ఉన్నప్పుడు ఉంటే సాలు సారు. సచ్చినంక ఎందుకది?"

మర్నాడు తోట వెనక గడ్డికి వచ్చే గొర్రెల కాపరులను ఆయన గోదాముకు పిలుచుకొచ్చారు. ముందు నడిచినవాడు కొమరయ్య. దేవరయాంజాల్ మనిషి. భుజాన గొంగడి, చేతిలో కర్ర. కర్ర బయట పెట్టమంటే పెట్టాడు, గొంగడి మాత్రం తీయలేదు.

విషయం చెప్పగానే అడ్డంగా తలూపాడు. "బతికున్న నోటితోని పీనుగు లెక్క మూలుగొద్దు పటేల. ఇంట్ల తెలిస్తే గడప తొక్కనియ్యరు."

"గది సిన్మా రా బయ్."

"సిన్మా మీది. నోరు నాది గదా పటేల."

రెడ్డిగారు నావైపు చూశారు. నేను చప్పుడు లేకుండా ఆ బొమ్మను తెరమీద వేసి చూపించాను. కాపరులు నిలబడే చూశారు. గుంపు ఒకరినొకరు రాసుకుంటూ, తలలు వేలాడేసి, పిండిమర వైపు నడుస్తోంది.

"ఎటు వోతున్నరు గీళ్లు?" అన్నాడు కొమరయ్య.

"ఆకలికి. లోపల మనుషులున్నారు."

"తోలేటోడు లేడా?"

"లేడు."

కాసేపు చూసి, పక్కవాళ్లతో ఏదో అనుకుని, నాతో అన్నాడు. "అయితే మూలుగం గని, పిలుస్తం. పిలిస్తె దోసం లేదు."

ఈ ప్రాంతపు కాపరులకు ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరికీ తన మందను పిలిచే పిలుపు ఒకటి ఉంటుంది. మేతలో రెండు మందలు కలిసిపోయినా, సాయంత్రం ఎవరి పిలుపుకు వారి గొర్రెలు విడివడి వస్తాయట. కొమరయ్య పిలుపు నాలుకతో ఒక చిటుకు, తర్వాత ఛాతీ లోంచి "దా" అని ఒక్క మాట. ఆ దీర్ఘం చాలాసేపు సాగి, చివర బావిలోకి దిగినట్టు కిందికి పోతుంది. ఇంకాస్త నెమ్మదిగా, ఇంకాస్త కిందిస్థాయిలో పిలవమన్నాను. అందరూ ఎవరి పిలుపు వారు ఒకేసారి ఎత్తుకున్నారు. మాటలు కలిసిపోయి, మాట కానిది ఒకటి మిగిలింది. అద్దానికి ఇవతల నా చేతిమీద వెంట్రుకలు లేచాయి. రెడ్డిగారు చాయ్ గ్లాసు కింద పెట్టేశారు.

ఒకటే ఇబ్బంది. ప్రతి టేకు చివర కొమరయ్య మైకులోకి వంగి "ఇగ సాలా సారూ?" అని అడిగేవాడు. శవాల గుంపు మధ్య నుంచి ఆ ప్రశ్న ఎంతో మర్యాదగా వినిపించేది. మళ్లీ తీసేవాళ్లం.

చివరికి తలుపు దగ్గరి దృశ్యం మిగిలింది. పిండిమర తలుపుకు అటు శవాలు, ఇటు హీరో. తలుపు తీయబోతున్న ఆడమనిషిని హీరో ఆపుతాడు. పొద్దు వాలుతోంది, కాపరులు మందలు తోలుకు వెళ్లాలి. హీరోకు గొంతు ఇస్తున్న పానకాలరావు గారికి నగరంలో ఇంకో రికార్డింగ్. మాటలు వేరే, గుంపు వేరే తీయాలని నేను పట్టుబట్టాను.

"అందర్ని ఒక్క మైకు ముంగట నిలవెట్టున్రి. ఒక్కపారి కొట్టేద్దాం" అన్నారు రెడ్డిగారు.

"రేపు ఒకదాన్ని సరిచేయాలంటే రెండూ పోతాయండీ."

"రేపటి సంగతి రేపు."

అలాగే తీశాం. పానకాలరావు గారు ముందు, కాపరులు వెనక, అందరికీ ఒకే మైకు. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే: ‘కాపరులు వచ్చారు. ఉక్క. రెడ్డిగారితో వాదన.’ ఎవరి పేరూ లేదు. సినిమా చివర వేసిన పేర్లలోనూ లేదు. హీరో గొంతు పానకాలరావు అని పడింది, తర్వాత ‘గుంపు’ అని పడింది. గుంపు అని రాయకండి. మైకు ముందుకు వచ్చిన ప్రతి మనిషి పేరూ అడిగి రాయండి. పెద్ద కష్టం కాదు.

గొంతు అడిగిన మనిషి

విశ్రాంతి తీసుకున్నాక దేవరయాంజాల్ అంచున కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కొనుక్కున్నాను. ఖాళీ ప్లాట్లలో హద్దురాళ్ల మధ్య కొమరయ్య మంద మేసేది. నన్ను చూసినప్పుడల్లా దూరం నుంచే కేకేసేవాడు. "సారూ, పీనుగుల సిన్మా మల్లెప్పుడు? నా గొంతు ఇంక సచ్చిపోలే!"

ఆ మనిషి చనిపోయాక పలకరించడానికి వెళ్లాను. లచ్చవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఫొటోలున్నయ్ సారు, సూడున్రి, గోడకు పెట్టినం. గొంతే లేదు" అంది. "పిల్లలు ఫోను ముంగట వెడ్తె బొమ్మ లెక్క గూసుంటుండె. మాట్లాడు మాట్లాడు అంటే ఇంత నవ్వి లేసి వోతుండె. గా సిన్మల ఉన్నదంట గదా?"

ఉందన్నాను. విడుదల కాగానే వినిపిస్తానని కూడా అన్నాను. ఆ సినిమా మళ్లీ వస్తోందని, పాత తెలుగు మాటలే వాడుతున్నారని అప్పటికే కబురు తెలిసింది.

కొన్నాళ్లకు ఆ పని చేస్తున్న కుర్ర ఇంజనీరు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. పాత టేపుల గురించి నాలుగు వివరాలు అడిగి, చివర్లో సంతోషంగా చెప్పాడు. "సార్, అసలు సినిమాలోని గుంపు శబ్దాలు ఇప్పుడు విడిగా దొరికాయి. మీ మాటలు ఉంచి, మీ గుంపును తీసేసి అవి పెడుతున్నాం. చాలా క్లీన్‌గా వస్తుంది."

తలుపు దృశ్యం సంగతి అడిగాను. మాటను, మూలుగును విడదీసే సాఫ్ట్‌వేర్ ఉందన్నాడు. ఆ గుంపు ఎవరో చెప్పాను. "అయ్యో" అన్నాడు. తన చేతిలో ఏముందో చూస్తానన్నాడు. అతని చేతిలో పెద్దగా ఏమీ ఉండదని నాకు తెలుసు. అతని వయసులో నా చేతిలోనూ లేదు. లచ్చవ్వకు ఈ సంగతి చెప్పలేకపోయాను. సినిమా పెట్టిననాడే తెలుస్తుందని ఊరుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం

స్వప్న టీవీలో సినిమా వెతికి, భాష దగ్గర తెలుగు నొక్కింది. లచ్చవ్వ కుర్చీ వద్దని టీవీకి దగ్గరగా చాప వేసుకుంది. పానకాలరావు గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చారు.

"హీరో మీరేనా అంకుల్?" అంది స్వప్న.

"మొహం వాడిది. ప్రాణం నాది తల్లీ."

మాటలు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. ఆ కుర్రవాడి పనితనాన్ని మెచ్చుకోవాలి. పానకాలరావు గారు పొంగిపోతున్నారు. "ఆ ‘బ’ చూడు, ఎలా కలిసిందో! చూశావా?"

శవాలు మొదటిసారి రేవు దగ్గర లేచాయి. పెద్ద గర్జన, ఇల్లంతా నిండింది. మాది కాదు. లచ్చవ్వ నావైపు తిరిగింది. "గీండ్ల ఉన్నడా?"

"ఇందులో లేడమ్మా. ఇంకా ఉంది."

రెండోసారి వీధిలో వచ్చాయి. అదీ మాది కాదు. నేను టీవీ మీంచి చూపు తిప్పుకున్నాను.

మల్లేశ్ నా మొహం చూసి గ్రహించినట్టున్నాడు. "పోనియ్ అమ్మా. కంపెనోళ్లు మార్చిన్రేమో. సారు మాత్రం ఏం జేస్తడు?"

"సూడనియ్ బిడ్డా. ఆఖర్దాంక సూస్త."

తలుపు దృశ్యం వచ్చింది. హీరో పరుగెత్తుకొచ్చి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. అంతవరకు తుడిచినట్టున్న శబ్దంలోకి దుమ్ము వచ్చి చేరింది. గది మారింది. మందపాటి గోడలు, తక్కువ ఎత్తు కప్పు. మా గోదాము అది. నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"తలుపు తీయొద్దు!" అన్నాడు హీరో. వెనక ఏవో గొంతులు. "బయటున్నది మీవాళ్లు కాదు!"

లచ్చవ్వ చెయ్యెత్తింది. "ఆపు. మల్ల వెట్టు."

స్వప్న వెనక్కి జరిపి పెట్టింది. లచ్చవ్వ తల టీవీకి ఆనించినంత దగ్గరికి వెళ్లింది. "ఇంకోపారి." మళ్లీ పెట్టింది. అప్పుడు లచ్చవ్వ చిరాగ్గా వెనక్కి తిరిగింది.

"గా హీరోను జెరంత నోరు మూస్కొమ్మనున్రి. మా ఆయన ఇనవడ్తలేడు."

పానకాలరావు గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఆ హీరో నేనే."

"తెల్సు సారు. అందుకే మీతోని జెప్తున్న."

స్వప్న నవ్వాపుకోలేకపోయింది. పానకాలరావు గారు నవ్వలేదు. చేత్తో ఆగమన్నట్టు సైగచేసి, కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత నా భుజం పట్టుకున్నారు. "నా గ్యాపులో ఉన్నాడోయ్! రెండు వాక్యాల మధ్య చూడు. నువ్వెప్పుడూ తిట్టేవాడివే, ఆ గ్యాపులో!"

నిజమే. "తలుపు తీయొద్దు" తర్వాత ఆయన చప్పట్ల కోసం ఆగిన చోట, తక్కిన కాపరుల గొంతులు కూడా తగ్గాయి. అక్కడ నాలుక చిటుకు, ఆ వెంటనే "దా" స్పష్టంగా ఉన్నాయి. దీర్ఘం సాగి, కిందికి దిగుతుండగా పానకాలరావు గారి రెండో వాక్యం దాని మీద పడుతుంది.

స్వప్న సరిగ్గా అక్కడినుంచి పెట్టింది.

లచ్చవ్వ కదల్లేదు. తెరమీద చిరిగిన కోటు వేసుకున్న శవం ఒకటి తలుపు సందులోంచి నోరు తెరిచి ఉంది. ఆ నోటికే నేను ఆ పిలుపును కలిపాను.

"బయటున్నది మీవాళ్లు కాదు!" అన్నాడు హీరో.

"ఎందుకు గాదు?" అంది లచ్చవ్వ తెర వైపు చూస్తూనే. "మావోడే గదా."

మల్లేశ్ లేచి వాకిట్లోకి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. లచ్చవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, కోటు శవాన్ని ఇంకోసారి పరీక్షగా చూసింది.

"బట్టలు మంచియే తొడిగిన్రు. ఇంట్ల ఉన్నన్ని దినాలు అంగీ గుండీలు వెట్టుకొమ్మంటె పెట్టుకోలే" అని చిన్నగా నవ్వింది.

ఎన్నిసార్లు పెట్టించుకుందో నేను లెక్కపెట్టలేదు. కాసేపటికి మల్లేశ్ లోపలికొచ్చి, ఆ ముక్కను ఫోనులోకి ఎక్కించుకున్నాడు. సినిమా చివరిదాకా ఎవరమూ చూడలేదు. బయలుదేరేటప్పుడు పానకాలరావు గారు చెప్పులు తొడుక్కుంటూ నాతో మెల్లిగా అన్నారు. "ఆ రెండో వాక్యం ఇంకాస్త ఆగి చెప్పాల్సిందోయ్."

సాయంత్రం ఇంజనీరుకు ఫోన్ చేశాను. రెండూ మనుషుల గొంతులే కాబట్టి సాఫ్ట్‌వేర్ విడదీయలేకపోయిందట. విడదీసిన ప్రతిసారీ హీరో మాట చెడిపోయిందట. అక్కడ కొత్త గొంతు పెట్టమని పైవాళ్లు అడిగితే, పాతదే బాగుందని తను చెప్పాడట. మొదటిది యంత్రం సంగతి, రెండోది అతని సంగతి. అతనికి కృతజ్ఞతలు చెప్పాను.

ఇది చదివి, అన్నీ ఒకే మైకులో తీయవచ్చని మాత్రం అనుకోకండి. రెడ్డిగారు ఆ రోజు చేసింది తప్పే. ఇంకో పది సినిమాల్లో అదే తప్పు మా పని పాడుచేసింది. విడివిడిగా తీయండి, పేర్లు రాసి దాచండి. దాచి ఉంటే కొమరయ్య కోసం గ్యాపులో వెతుక్కునే పని ఉండేది కాదు.

మర్నాడు పొద్దున

నడకకు వెళ్తూ వాళ్ల గొర్రెల దొడ్డి దగ్గర ఆగాను. కొమరయ్య పోయినప్పటినుంచి మందను మేపుతున్నది లచ్చవ్వే. ఆమె తడిక తీయబోతోంది. మల్లేశ్ కంపెనీ బస్సుకు తయారై, భుజాన సంచీతో, ఫోను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు.

"సూడున్రి సారు, బాపు పిలుపు వెడ్త. ఎట్ల లేస్తయో సూద్దాం!"

లచ్చవ్వ తడిక వదిలేసి వచ్చి ఫోను మీద చెయ్యి పెట్టింది. "వద్దు బిడ్డా."

"ఏమైతదే? ఒక్కపారి."

"ఆయనొచ్చిండనుకుంటయ్. ఇటే సూస్కుంట నిలవడ్తయ్. మేతకు పోవు."

మల్లేశ్ ఫోను దించాడు. "మరి తీసెయ్యాల్నా?"

"ఎందుకు తీస్తవ్? గది నాకు. గొర్లకు గాదు."

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. మల్లేశ్ పరుగెత్తాడు. లచ్చవ్వ తడిక పక్కకు లాగి, నోటి పక్కన అరచెయ్యి పెట్టుకుని పిలిచింది. అది కొమరయ్య పిలుపు కాదు. అతనిది చివర కిందికి దిగేది, ఆమెది పైకి లేచింది. ముందున్న ముసలి గొర్రె చెవి తిప్పి, ఒక్క క్షణం నిలబడి, బయటికి అడుగువేసింది. మిగతావి దాని వెంట వచ్చాయి. నేను గోడ పక్కకు జరిగి దారి ఇచ్చాను.